కొసరు వేసిన భూకంపాలు

మొన్నొక ఉదయం, కాఫీ గ్లాసు కింద పెట్టబోతుంటే నేను కూర్చున్న మంచం కోళ్ళు సన్నగా జలదరించినట్టయింది. అలమరలో గిన్నెలు ఒకదానితో ఒకటి గుసగుసలాడాయి. స్విచ్చి వెయ్యని సీలింగు ఫ్యాను దానంతటది అటూ ఇటూ ఊగడం మొదలుపెట్టింది. ఇంట్లోవాళ్ళంతా వీధిలోకి పరిగెత్తారు. నేను మాత్రం మంచం మీదే కూర్చుని, ఫ్యాను కాడ వంక చూస్తూ ఒకటి, రెండు, మూడు అని పెదవులతో లెక్కపెడుతూ ఉండిపోయాను. నా కోసం వెనక్కి వచ్చిన మనవరాలు, పాపం, జపం చేసుకుంటున్నాననుకుని కాసేపు నిలబడి చూసింది. ఆ తర్వాత, "తాతయ్యా, ఫ్యాను ఆగిపోయి ఎంతసేపయిందో, ఇంకా ఏం లెక్కపెడుతున్నావు?" అంది.

ఈలోగా అందరి ఫోన్లలోనూ ఆ భూకంపం పరిమాణం ఇంత అని ఒక అంకె, దాని పక్కన చుక్క, చుక్క పక్కన మరో అంకె వచ్చేశాయి. అందరూ ఆ అంకెను ఒకరికొకరు చూపించుకుని, టిఫిన్లకి లేచారు. ఆ అంకె ఎలా వచ్చిందని ఎవరూ అడగలేదు. నన్ను అడుగుతారని నేనూ అనుకోలేదు. కాని ఏలూరులో పప్పుల కొట్టువాడి కొడుకుగా పుట్టిన నేను, ఒకప్పుడు అలాంటి అంకెలు తయారుచేసే పనిలో మూడేళ్ళు ఉన్నానని, నేను తయారుచేసిన అంకెల్లో ప్రతిదానికీ కొంత కొసరు కలిసిందని చెబితే, కొసరు అంటే ఏమిటో తెలిసిన మన తరంవాళ్ళు నలుగురైనా నవ్వుకుంటారని ఇది రాస్తున్నాను.

మా నాన్నగారి కొట్టు ఏలూరు పెద్ద బజారులో, కాలువ వంతెన దిగి నాలుగు అడుగులు వేస్తే వచ్చేది. నేను అక్షరాలు దిద్దకముందే త్రాసు ముల్లు చూడటం నేర్చుకున్నాను. పళ్ళెంలోకి సరుకు పడగానే ముల్లు ఎగిరిపడుతుంది, అది చూసి కొనేవాడు సంతోషిస్తాడు, కొత్తగా కొట్టు పెట్టినవాడు కంగారుపడతాడు. నాన్నగారు ఆ మొదటి ఎగురుడు చూడనిచ్చేవారు కాదు. ఎత్తు మీదనుంచి విసిరితే పిడికెడు మినుములైనా ముల్లును ఎగరేస్తాయి, ముల్లు ఎంతసేపటికి సర్దుకుంటుందో అది చూడరా అనేవారు. బరువైన సరుకు పడ్డప్పుడు ఊపు త్వరగా చావదని, తేలిక సరుకు హడావిడి చేసి ఊరుకుంటుందని, రోజుకి వందసార్లు ఆ ముల్లు చూసి చూసి నా కంటికే తెలిసిపోయింది. ఆ తర్వాత చివరి ఘట్టం, కొసరు. తూకం అయ్యాక చెయ్యి బస్తాలోకి వెళ్ళి, ఇంకొంచెం తెచ్చి, పొట్లంలో వేసి రావాలి. అడిగించుకుని వేస్తే అది కొసరు కాదు, వాదన అనేవారు నాన్నగారు.

అంత తర్ఫీదు ఇచ్చి, చివరికి ఆయనే నన్ను కొట్లోంచి పంపేశారు. కారణం నా బేరాలే. కొట్లో కూర్చున్నవాడు అమ్మాలి గాని, నేను కొనేవాళ్ళతో వాళ్ళ సంచి ఎక్కడ కొన్నారు, ఎంతకి కొన్నారు, ఎంత మోసపోయారు అని లెక్కలు తేల్చి వాళ్ళ మనసు పాడుచేసేవాణ్ణి. ఇంటరు ప్యాసయిన కొడుకు ఉద్యోగం చేస్తేనే కొట్టుకి మంచిదని నాన్నగారు ఒక నిర్ణయానికి వచ్చారు. మా మేనమామ ఎవరితోనో చెప్పించి, తాడేపల్లిగూడెంలో కొత్తగా పెట్టిన భూకంపాల స్టేషనులో అసిస్టెంటు అబ్జర్వరుగా నన్ను చేర్పించారు. యాభైల రెండో సగం అది. భూకంపాలకి స్టేషను ఏమిటి, అవేమైనా రైళ్ళా, టైముకి వస్తాయా అని మా బజారంతా నవ్వింది. నేనూ నవ్వాను, అప్పాయింట్‌మెంటు కాగితం చేతికొచ్చేదాకా.

స్టేషను అంటే యుద్ధకాలంలో విమానాల కోసం వేసిన రన్‌వే చివర మిగిలిపోయిన ఒక ఇటుక గది. దాని మధ్యలో భూమిలోకి దిగిన సిమెంటు దిమ్మ, దిమ్మ మీద యంత్రం. గడియారంలా తిరిగే ఒక పీపాకి కాగితం చుట్టి, దాన్ని కిరసనాయిలు దీపం పొగకి నల్లగా పూయించి బిగిస్తే, ఒక సన్నటి ముల్లు ఆ మసి మీద రోజంతా తెల్లటి గీత గీస్తూ పోయేది. నేల కదలనంతసేపూ అది తిన్నటి గీత. కదిలితే వణుకు. నిమిషానికి ఒకసారి గడియారం దాని మీద చిన్న గంటు పెట్టేది. రోజూ పొద్దున్న కాగితం విప్పి, మసి రాలకుండా లక్క కలిపిన స్పిరిట్లో ముంచి, దండెం మీద ఆరేసేవాళ్ళం. దారిన పోయేవాళ్ళు అవి చూసి, ఇక్కడ గొడుగుల గుడ్డ తయారుచేస్తారని అనుకునేవారు.

అక్కడ పెద్ద అబ్జర్వరు ఒకాయన ఉండేవారు. వరస ఏమీ లేకపోయినా, వాళ్ళింట్లోనే ఒక గదిలో అద్దెకున్నాను గనక ఆయన్ని బాబాయిగారూ అని, వారి భార్యని పిన్నిగారూ అని పిలిచేవాణ్ణి. ఆయన చేతిరాత ముత్యాలు పేర్చినట్టు ఉండేది. ఎక్కడెక్కడి కొండల మీదో, ఎడారుల్లోనో ఈ పనే చేసి, చివరి రెండు మూడేళ్ళు సొంత జిల్లాలో గడపాలని బదిలీ చేయించుకుని వచ్చారు. ఆ ఏడూ, మరుసటి ఏడూ దాటాక వచ్చే జనవరి ఆఖరుకి ఆయన సర్వీసు నిండుతుంది. నిండేదాకా ఉంటే ఆ దంపతుల మిగతా జీవితానికి దిగులు లేదు, ముందే ఇంటికి పంపితే చేతికొచ్చేది సగానికి సగం. ఈ సంగతి నాకు పిన్నిగారు చెప్పారు. ఎందుకు చెప్పారో మరి కొన్నాళ్ళకి గాని తెలియలేదు.

మా యంత్రానికి ఒక లోపం ఉండేది. ముల్లు మరీ ఎగిరి విరిగిపోకుండా రెండు పక్కలా ఇత్తడి పుల్లలు పెట్టారు. కాస్త పెద్ద భూకంపం వస్తే చాలు, ముల్లు ఆ పుల్లలకి టపటపా కొట్టుకునేదే గాని ఎంత ఎత్తుకు ఎగిరేదో కాగితం మీద మిగిలేది కాదు. ఆ ఎత్తు తెలియనిదే భూకంపం పరిమాణం లెక్కకట్టే దారి అప్పట్లో లేదు. అందుకని పైనుంచి ఒక యువ ఆఫీసరు గారు, ఎత్తు పోతే పోనీ, వణుకు మొదలైన చోటునుంచి చివరికి సద్దుమణిగిన చోటువరకు ఎన్ని సెకన్లు పట్టిందో కొలిచి పంపండి, దాన్నిబట్టి పరిమాణం చెప్పొచ్చేమో చూస్తాను అని ఉత్తరం రాశారు. బాబాయిగారు దాన్ని రెండుసార్లు చదివించుకుని, ఇదేం పద్ధతి, ఎవరూ చెయ్యగా వినలేదే అన్నారు. నాకు మాత్రం ఏలూరు బజారులో త్రాసు ముందు కూర్చున్నట్టే అనిపించింది. మొదటి ఎగురుడు వదిలెయ్, ఎంతసేపటికి సర్దుకుంటుందో చూడు అంటున్నారు, అంతేగా.

‘చదివించుకుని’ అన్నాను చూశారా. అదే అసలు విషయం. బాబాయిగారి రెండు కళ్ళకీ శుక్లాలు పెరుగుతున్నాయి. ఆపరేషనంటే వారాల తరబడి కదలకుండా కళ్ళకి గంతలతో పడుకోవలసిన రోజులు, పైగా సెలవు పెడితే కారణం రాయాలి, కారణం రాస్తే కంటి పరీక్షకి పంపుతారు, పరీక్షకి పంపితే ఉద్యోగం అక్కడితో సరి. వణుకు మొదలయ్యే చోటు దడాలున లేస్తుంది గనక ఆయన భూతద్దంతో పట్టుకోగలిగేవారు. అందులో నన్ను వేలు పెట్టనిచ్చేవారు కాదు. చివర అలా కాదు. వణుకు సన్నగిల్లి సన్నగిల్లి, వెంట్రుక మందాన మిగిలి, ఎక్కడ అయిపోయిందో చెప్పలేనట్టు గీతలో కలిసిపోతుంది. దాని దగ్గరికి వచ్చేసరికి ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకునేవారు. "నువ్వు చూడరా, నీవి కుర్ర కళ్ళు" అనేవారు. నేను స్కేలు ఆనించి, పెన్సిలు దాని వెంట జరుపుకుంటూ వెళ్ళి, ఆగిన చోట గుర్తుపెట్టి సెకన్లు చెప్పేవాణ్ణి. ఆయన ఫారంలో తన అందమైన చేతిరాతతో నింపి సంతకం పెట్టేవారు. ఇద్దరం కలిసి ఒక అబ్జర్వరు అన్నమాట. ఈ ఏర్పాటు గురించి మేమెప్పుడూ మాట్లాడుకోలేదు.

అలా ఏడాది పైన గడిచింది. దూరాన వచ్చినవి, దగ్గర వచ్చినవి, పెద్దవి, చిన్నవి, కొన్ని డజన్ల భూకంపాలు కొలిచి పంపాం. ఒక వానాకాలంలో ఆ ఆఫీసరు గారు స్వయంగా దిగారు. నెల్లూరువైపు మనిషి, నాకంటే ఏడెనిమిదేళ్ళు పెద్ద, తక్కువ మాట్లాడతారు. ఆయన ఒక గ్రాఫు కాగితం బల్ల మీద పరిచారు. దాని గళ్ళు సమానంగా లేవు. ఒకటి నుంచి రెండుకి ఎంత దూరమో, పది నుంచి ఇరవైకీ అంతే దూరం, వంద నుంచి రెండొందలకీ అంతే. మీద మీదకి పోయేకొద్దీ గళ్ళు ఇరుకు. ఈ కాగితం తయారుచేసినవాడెవడో పైసా పైసాకీ పీనాసితనం, పెద్దమొత్తంలో ధారాళం చూపించే షావుకారై ఉంటాడనుకున్నాను. దాని మీద వేరే ఊళ్ళ స్టేషన్ల చుక్కలన్నీ ఒక గీత మీద కూర్చున్నాయి. మా చుక్కలూ ఒక గీత మీదే కూర్చున్నాయి, కాని ఆ గీత వాళ్ళ గీతకి కాస్త పైన, రైలుపట్టాల్లా దాని పక్కనే నడిచింది. అంటే ఏ భూకంపమైనా సరే, మా ఊళ్ళో మిగతావాళ్ళకంటే కొంచెం ఎక్కువసేపు ఆడుతోంది.

ఆఫీసరు గారికి అది చూస్తే పండగగా ఉంది. వాళ్ళ స్టేషన్లన్నీ రాతినేల మీద ఉన్నాయని, మనది గోదావరి కృష్ణల మధ్య మెత్తటి ఒండ్రునేల అని, రాతి పళ్ళెం తడితే వెంటనే ఊరుకుంటుందని, జున్ను పళ్ళెం తడితే ఇంకాసేపు ఊగుతుందని చెప్పారు. కొల్లేటి నల్లమట్టి ఇంకా మెత్తన గనక అక్కడ ఇంకా ఎక్కువసేపు ఊగాలని, అది రుజువైతే గొప్ప సంగతని, అందుకోసం మా యంత్రానికి కవలలాంటి దాన్ని వెంట తెచ్చానని అన్నారు. జున్ను మాట వినగానే నాకు ఆకలేసింది గాని, ఇంకే అనుమానమూ రాలేదు.

కొల్లేటి లంక ఒకదాంట్లో, మిషను చర్చి పక్కనున్న బడి పంతులుగారి వసారాలో ఆ యంత్రం పెట్టారు. ఆఫీసరు గారు తనే అక్కడ మకాం పెట్టి, మసి పూసుకుని, కాగితాలు ఆరేసుకుని, వాటిని తనే కొలుచుకునేవారు. వారానికోసారి కిరసనాయిలు, కాగితాలు తీసుకెళ్ళే పని నాది. గూడెంలో రైలెక్కి భీమడోలులో దిగి, అక్కణ్ణించి బండి మీద గట్టుదాకా, గట్టునుంచి తాటిదోనె మీద లంకకి. కొల్లేరు నిండుగా ఉన్న రోజులు. దోనె నడిపేవాడు గెడ వేస్తుంటే గూడబాతులు పెద్ద ఆఫీసర్లలాగా మా వంక చూసి, లేవాలా వద్దా అని ఆలోచించి, కదలకుండా ఉండిపోయేవి. నేను దోనెవాడితో వెళ్ళేటప్పుడొక రేటు, వచ్చేటప్పుడొక రేటు బేరమాడి, ఒడ్డుకి చేరేసరికి ఇద్దరం అలిసిపోయేవాళ్ళం.

రెండో వారం వెళ్ళినప్పుడు ఆఫీసరు గారు చేపలు కావాలన్నారు. మా ఇంట చేప గడప తొక్కదు, వాసనకే నేను ముక్కు తిప్పుకుంటాను, అయినా బేరమంటే నా కాళ్ళు ఆగవు. రేవులో ఒక పెద్దామె బుట్ట ముందు కూర్చుంటే ఆమెతో పావుగంట బేరమాడాను. తినని సరుకుకి అంత గట్టిగా బేరమాడినవాణ్ణి ఆమె ఎన్నడూ చూసి ఉండదు.

"ఏవండోయ్, తమరు తింటారా ఇవి?" అంది.

"నేను తిననమ్మా, మా ఆఫీసరు గారు తింటారు."

"మరి తినే ఆయన నోరు మూసుకుని కూకుంటే, తినని తమరికెందుకండీ ఇన్ని ఆపసోపాలు?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నేను ఓడిపోయి, అడిగినంతా ఇచ్చాను. ఆమె చేపలు లెక్కపెట్టి ఆకులో వేసి, అవతల ఎవరితోనో ఏదో కూతురి కాన్పు సంగతి మాట్లాడుతూ, మొహం అటే ఉంచి, చెయ్యి మాత్రం బుట్టలోకి పోనిచ్చి ఇంకో రెండు తెచ్చి ఆకులో వేసింది. అడక్కుండానే వేశావేమమ్మా అంటే, తనేం వేసిందో తనకే తెలియనట్టు ఆకు వంక చూసింది.

"ఏమోనండీ, చెయ్యి అలా పోతాది. నేను చూత్తానా ఏంటి."

ఆ మాటతో రేవులో నిలబడ్డవాణ్ణి నిలబడ్డట్టే చల్లబడిపోయాను. నా కుడిచెయ్యి, పెన్సిలు పట్టుకుని స్కేలు వెంట జరిగే చెయ్యి, కళ్ళ ముందు కనిపించింది. వణుకు అయిపోయిన చోట అది ఆగుతుంది. ఆగి, ఇంకొంచెం జరుగుతుంది. ప్రతిసారీ. నేను చూడకుండానే. ఒండ్రుమట్టీ కాదు, జున్నూ కాదు. భారతదేశంలోని భూకంపాలన్నిటికీ ఏడాదిపైగా నేను కొసరు వేస్తున్నాను.

తిరుగు రైల్లో భీమడోలునుంచి గూడెందాకా ఆలోచించాను. నిజం చెబితే, కొసలు కొలిచింది నేనని చెప్పాలి. ఫారాల మీద సంతకాలు బాబాయిగారివి. సంతకం పెట్టినాయన ఎందుకు కొలవలేదని రెండో ప్రశ్న వస్తుంది, దానికి జవాబు ఆయన కళ్ళలో ఉంది. జనవరికి ఇంకా అయిదు నెలలు. చెప్పకుండా, చెయ్యి బిగబట్టి ఇకమీదట సరిగ్గా కొలిస్తే మా చుక్కలు హఠాత్తుగా కింద గీత మీద వాలతాయి, నేల రాత్రికి రాత్రి రాయిగా మారిందా అని అడుగుతారు. కాబట్టి ఎప్పట్లాగే వేస్తూ పోవడం మేలని, నా అంత తెలివైనవాడు లేడనుకుని, నిర్ణయించుకున్నాను. లంకలో ఆఫీసరు గారు కొలిచే కాగితంలో కొసరు ఉండదన్న చిన్న విషయం ఈ తెలివికి తట్టలేదు.

పది రోజులకి ఎక్కడో దూరాన ఒక మంచి భూకంపం వచ్చింది. మంచి అంటే మా భాషలో కాగితం మీద స్పష్టంగా పడిందని అర్థం. మర్నాడు మధ్యాహ్నం ఆఫీసరు గారు లంకలోని కాగితం చుట్టచుట్టి పట్టుకుని, మోకాళ్ళదాకా బురదతో వచ్చారు. రెండూ పక్కపక్కన పెట్టారు. కొల్లేటి జున్ను మీద ఎక్కువసేపు ఆడవలసిన ముల్లు గూడెంలో కంటే తక్కువసేపు ఆడింది. ఆయన ఆ రెండు అంకెలూ మళ్ళీ లెక్కవేసుకున్నారు. తర్వాత మా కాగితం బాబాయిగారి ముందుకి జరిపి, చాలా మర్యాదగా, "మీరు పెద్దవారు, ఏమీ అనుకోకండి. ఇది నా ఎదురుగా ఒకసారి కొలుస్తారా?" అన్నారు.

బాబాయిగారు భూతద్దం తీశారు. మొదలు పట్టుకున్నారు, వేలు పెట్టి చూపించారు, సరిగ్గా ఉంది. స్కేలు ఆనించారు. పెన్సిలు జరిగింది. కొంతదూరం పోయాక జరగడం మానేసింది. ఆయన కళ్ళజోడు తీశారు, తుడుచుకున్నారు, మళ్ళీ పెట్టుకున్నారు. నా వంక మాత్రం ఆయన చూడలేదు. చూసి ఉంటే బహుశా నేను ఇంకాసేపు ఊరుకునేవాణ్ణి.

"కొసలు చూసేది నేనండి," అన్నాను.

"ఎప్పటినుంచి?"

"మొదటి కాగితం నుంచీనండి. అన్నీ నేనేనండి. ఒక్కటీ వదల్లేదు. చివర కొంచెం ఎక్కువ వేస్తున్నానండి. కావాలని కాదు."

ఆయనకి అర్థం కాలేదు. కొట్టు సంగతి, కొసరు సంగతి, చేపలామె సంగతి అంతా చెప్పవలసి వచ్చింది. ప్రభుత్వ కార్యాలయంలో చెప్పదగిన మాటలు కావవి. ఆయన నవ్వలేదు, కోప్పడలేదు. దండెం పక్కన అలమరలోంచి ఆరు పాత కాగితాలు తీయించి, భూతద్దం పెట్టి సాయంత్రందాకా తనే కొలుచుకుని, నా అంకెల పక్కన తన అంకెలు వేసుకున్నారు. నిమిషం ఆడినదానికి నేను ఆరు సెకన్లు ఎక్కువ వేశాను. పది నిమిషాలు ఆడినదానికి అరవై. ఆరింటిలోనూ అటూ ఇటూగా అదే వాటం.

"మీ కొట్లో సేరుకి ఎంత కొసరు వేస్తారు?" అని అడిగారు.

గుప్పెడు పట్టి చూపించాను.

"మణుగు కొన్నా అంతేనా?"

"అంతే వేస్తే ఊరుకుంటారాండీ? కొన్నదాన్ని బట్టి వెయ్యాలి."

అప్పుడాయన ఆ వంకర గళ్ళ గ్రాఫు కాగితం తీసి, మా గీత మీదా, వాళ్ళ గీత మీదా వేలు పెట్టారు. చిన్నదానికి చిన్న కొసరు, పెద్దదానికి పెద్ద కొసరు ఒకే వాటంగా వేస్తే ఈ కాగితం మీద రెండు గీతల ఎడం ఎక్కడా మారదట. ఆ ఎడం ఎంతో తెలిస్తే మా అంకెల్లోంచి అంత తీసేస్తే చాలు. చెయ్యి తప్పు చేసినా పరవాలేదు, ఒకరోజు చేసి ఒకరోజు మానకూడదు అన్నారు. నేను వెంటనే, పాత కాగితాలన్నీ మళ్ళీ సరిగ్గా కొలిచి ఇస్తానండి అన్నాను. ఆయన మొట్టమొదటిసారి గొంతు పెంచారు.

"ముట్టుకోకండి. మీరు జాగ్రత్తగా కొలవడం మొదలుపెడితే అంతా పాడైపోతుంది."

నా జీవితంలో నా పనితనానికి దొరికిన పెద్ద మెప్పు అదే.

ఇక అసలు బేరం మిగిలింది. ఈ కొలతల వరస పూర్తయ్యేదాకా మొదలు చూసే కన్నూ, కొస చూసే చెయ్యీ మారకూడదని, డిసెంబరు ఆఖరువరకు మమ్మల్నిద్దర్నీ కదపవద్దని పైకి రాస్తానన్నారు. బాబాయిగారి కళ్ళ గురించి ఒక్క మాట అడగలేదు. మొదళ్ళన్నీ సరిగ్గా ఉన్నాయి, అది చాలు అన్నారు. కాని డిసెంబరు చాలదు. నాకు కావలసింది జనవరి. జనవరి అడిగితే డిసెంబరుకీ జనవరికీ మధ్య ఎక్కడో నిలబెడతారని మా బజారులో చిన్నపిల్లవాడికైనా తెలుసు గనక, ఏప్రిల్ అడిగాను. తడినేల మీద కొలిచాం, పొడినేల మీద కూడా కొలవకపోతే నేల సంగతి తేలదు కదండీ, ఎండలు ముదిరేదాకా ఉంచండి అన్నాను. ఆయన జనవరి మొదటివారం అన్నారు. నేను మార్చి అన్నాను. నాకేమి లాభమని ఆయన నా మొహంలో వెతికారు. తర్వాత బాబాయిగారి వంక చూశారు. ఆయన బల్ల మీద కాగితం అంచులు సర్దుతూ, వినబడనట్టు కూర్చున్నారు. ఫిబ్రవరి ఆఖరు దగ్గర బేరం కుదిరింది. ఒక నెల కొసరు పడింది.

జనవరి చివరిరోజున బాబాయిగారు ఆఖరి ఫారం మీద సంతకం పెట్టారు. పిన్నిగారు సున్నుండలు చేసి పంపారు. యంత్రానికి దండం పెట్టుకుని, తలుపు తాళం నా చేతికిచ్చి, రన్‌వే మీద ఇద్దరం నడిచి వస్తుంటే, అప్పటిదాకా అడగనిదీ అననిదీ ఆయన ఒక్క మాటలో తేల్చేశారు.

"నువ్వు ఎక్కువ వేస్తున్నావని నాకు మొదటి నెలలోనే తెలుసురా."

ఎలాగండీ అన్నాను.

"కళ్ళు పోతున్నాయి గాని చెవులు బానే ఉన్నాయి కదా. స్కేలు మీద నీ పెన్సిలు గీసుకుంటూ వెళ్ళి ఆగేది. ఆగాక మళ్ళీ కొంచెం గీసుకునేది. ప్రతిసారీ."

మరి అప్పుడే చెప్పొచ్చు కదండీ, ఇంత దూరం వచ్చేది కాదుగా అన్నాను, కాస్త నిష్ఠూరంగానే.

"చెబితే సిగ్గుపడి మానేసేవాడివి. నాలుగు రోజులు పోయాక మర్చిపోయి మళ్ళీ వేసేవాడివి. అప్పుడు నీ తప్పు ఎవరూ తియ్యలేరు. ఇలా అయితే ఎవరో ఒకరు ఎప్పుడో తీస్తారని ఊరుకున్నాను."

నాకంటే గట్టి బేరగాడు ఒకడు నా పక్కనే ఏడాదిన్నర కూర్చున్నాడని నాకు అప్పుడు తెలిసింది. ఆ వేసవిలో ఆయన ఏలూరు వచ్చి కళ్ళు ఆపరేషను చేయించుకుని, సీసా అడుగుల్లాంటి అద్దాలతో, నేను సెలవు మీద ఊళ్ళో ఉన్నప్పుడు మా కొట్టుకి వచ్చి, త్రాసు ముందు నిలబడి, ముల్లు ఆగేదాకా చూసి, పొట్లంలో కొసరు పడేదాకా చూసి, నా వంక తిరిగి తల పంకించి వెళ్ళిపోయారు. మరో ఏడాదికి స్టేషను ఎత్తేశారు. నేను మళ్ళీ కొట్లో కూర్చున్నాను. ముల్లు ఎంతసేపు ఆడిందన్నదాన్నిబట్టి భూకంపం పరిమాణం చెప్పడం తర్వాత తర్వాత పుస్తకాల్లోకి ఎక్కిందని విన్నాను. అందులో మా గూడెం ఉందో లేదో నాకు తెలియదు.

ఇప్పుడు మా కొట్లో మనవడు కూర్చుంటాడు. త్రాసుకి ముల్లు లేదు. సరుకు పెట్టగానే అంకె వెలుగుతుంది, అంకె ఎంతో పప్పూ అంతే, గింజ ఎక్కువైతే తీసి బస్తాలో వేస్తాడు. తప్పని నేననను, ఎవరికీ నష్టం లేదు. ఫోనులో వచ్చిన భూకంపం అంకె కూడా అలాగే వచ్చి ఉంటుంది, ఎవరి చెయ్యీ తగలకుండా.

మొన్న ఫ్యాను ఆగిపోయినా నేను ఇంకా లెక్కపెడుతూనే ఉన్నానని మనవరాలు అంది. నిజమే అయి ఉంటుంది. ఒకప్పుడైతే నేనెంత ఎక్కువ లెక్కపెడతానో తెలిసి, అంత తీసేసి, మిగిలినదాన్ని నమ్మినవాళ్ళు బాబాయిగారూ, ఆఫీసరు గారూ ఇద్దరుండేవారు. వాళ్ళిద్దరూ పోయాక, నా లెక్కలోంచి ఎంత తీసెయ్యాలో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే మిగిలాను. ఆ తీసేసే చెయ్యీ నాదే గనక, దాని మీద నాకెప్పుడూ నమ్మకం లేదు.